కాంతమ్మ గారిని పరిచయం చేసిన రోజు

కొత్త లేసు దారం ఉండ విప్పితే ఒక పొడి వాసన వస్తుంది. మొన్న కాకినాడలో ఒక కొట్టు ముందు ఆ వాసన తగలగానే నా చెంపలు వేడెక్కాయి. ఇది ఇన్నేళ్ళుగా ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి. నరసాపురం దగ్గర మా ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళంతా, ఆ రోజు విదేశీ ఆవిడ ఎండకు తాళలేక లేచి వెళ్ళిపోయిందనే ఇప్పటికీ అనుకుంటారు. ఎండ కాదు, నేనన్న ఒక్క మాట.

మా వీధిలో లేసు సంఘం నడిపింది కాంతమ్మ గారు. ఎవరింట్లో వాళ్ళు అల్లిన పువ్వులను ఆవిడ వరండాలో కూర్చుని అతికి బల్లగుడ్డలు చేసేవారు. ఆ వరండాలోనే ఒక పుస్తకాల బీరువా ఉండేది. నలుగురిలో నోరు విప్పలేని నేను దాని కోసమే రోజూ వెళ్ళేదాన్ని. ఆవిడ కమ్యూనిస్టు. దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్న మనిషి. తుపాను వచ్చినప్పుడు కులమేదని అడగకుండా వీధంతటికీ వండిపెట్టారు. మా ఇంట్లో “కమ్యూనిస్టు” అంటే మాట తప్పని మనిషి అని అర్థం. మా నాన్న ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆ మాటే వాడేవారు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా సంఘం మీద కోపంతో వ్యాపారులు సరుకు కొనడం మానేశారు. మూడు నెలల అల్లిక మూటల్లో ఉండిపోయింది. అప్పుడే హంగేరీ నుంచి మార్తా అనే ఆవిడ లేసు చూడడానికి వచ్చింది. ఆవిడ కూడా కొనకపోతే అందరూ మళ్ళీ ఆ వ్యాపారుల గుమ్మం ఎక్కాల్సిందే. ఇంగ్లీషు చదివిన పిల్లనని నన్ను కూర్చోబెట్టారు. మా వైపు ఒకరిని పరిచయం చేయాలంటే ముందు వాళ్ళ గొప్ప చెప్పాలి. అందుకని, “ఈవిడ పెద్ద కమ్యూనిస్టు, ఊరంతా గౌరవిస్తుంది” అని ఇంగ్లీషులో గర్వంగా అప్పజెప్పాను.

మార్తా చేతిలోని బల్లగుడ్డ కింద పెట్టేసింది. “మా దేశంలో మా నాన్నను తీసుకుపోయింది ఆ కమ్యూనిస్టులే. నాకప్పుడు ఆరేళ్ళు. ఆయన మళ్ళీ రాలేదు,” అని లేచి కారు వైపు నడిచింది.

“ఏంటమ్మా, ఏమందావిడ?” అన్నారు అందరూ.

“ఎండకి తాళలేనందండి,” అన్నాను.

“మజ్జిగ ఇవ్వండే అంటే విన్నారా? వేడి వేడి కాఫీ పోశారు!” అని ఒకావిడ దెప్పింది.

కాంతమ్మ గారు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళారు. “ఎండైతే మొహం ఎర్రబడాలి. ఆవిడ మొహం పాలిపోయింది. ఏం జరిగిందమ్మా?”

ఏడుస్తూ అంతా చెప్పాను. “నేనే తప్పు చెప్పానని, మీరు కమ్యూనిస్టు కాదని చెప్పేస్తానండి. సరుకు తీసుకుంటుంది.”

ఆవిడ వరండాలోని మూటల వైపు చూశారు. “ఆవిడ నాన్న పోవడం నిజం. నేనూ నిజమే కదా. పద.”

కారు దగ్గర కాంతమ్మ గారు నాతో మొదట అడిగించింది మార్తా నాన్న పేరు. యానోష్ అంది మార్తా. కాంతమ్మ గారు ఆ పేరు సరిగా పలికేదాకా రెండుసార్లు అడిగారు. తర్వాత నాతో అన్నారు: “చెప్పు. ఆ పని చేసినవాళ్ళు ఏ పేరు పెట్టుకున్నా నేను వాళ్ళ వైపు కాదు. కానీ మా ఆయన పోయినప్పుడు నా బొట్టు తీయడానికి వచ్చినవాళ్ళను గుమ్మంలో ఆపింది ఈ పేరున్నవాళ్ళే. నేనీ పేరు వదలలేను. ఒక్క మాట తగ్గించకు.”

ఒక్క మాటా తగ్గించలేదు. భర్త పోతే మా వైపు ఏం చేస్తారో అది కూడా వివరించాను. మార్తా ఆ నుదుటి మీది బొట్టును చాలాసేపు చూసింది. “ఆ మాట నా నోటితో అనలేను,” అంది.

“అనక్కర్లేదని చెప్పు. కాంతమ్మ అంటే చాలు.”

“కాంటమా,” అంటూ మార్తా కారు దిగింది. వరండాలో అందరూ గొల్లున నవ్వారు. పొద్దుగూకేలోగా మూటలన్నీ కారెక్కాయి. “ఎండ తగ్గిందాండి ఆవిడకి?” అని ఎవరో అడిగితే, “తగ్గింది,” అన్నారు కాంతమ్మ గారు నా వైపు చూడకుండా. 

ఇప్పుడు నాకు అనువాదమే ఉద్యోగం. ఎవరైనా తాము ఫలానా అంటే, ఆ మాట వాళ్ళింట్లో ఏం చేసిందో ముందు అడుగుతాను. ఈ ఉద్యోగం కోసం ఊరు వదిలిన రోజు బస్సు దాకా వచ్చారు కాంతమ్మ గారు. ఆ తర్వాత ఆవిడను చూడలేదు.

“అక్కడ నా గురించి అడిగితే కమ్యూనిస్టు అనే చెప్పమ్మా,” అన్నారు ఆ రోజు బస్సు దగ్గర. “ఎవరైనా లేచి వెళ్ళిపోతే, వెనకాలే వెళ్ళు.”