సార్ పక్కన కూర్చున్నవాడు

మొన్న పొద్దున్నే తెనాలి నుంచి మా పాత జట్టు కెప్టెన్ ఫోన్ చేశాడు. "బాపట్లలో సార్ పోయార్రా" అన్నాడు.

డెబ్బైల మొదట్లో బాపట్లలో మా కాలేజీ జట్టుకు ఫుట్‌బాల్ నేర్పింది ఆయనే. అంతకు ముందు మాతో మ్యాచ్ అంటే ఎదుటి జట్లు పండగ చేసుకునేవట. ఆయన వచ్చి కోతలైన మాగాణిలో, వరి మోళ్ళ మధ్య పరుగులు తీయించారు. అక్కడ పరుగెత్తిన కాలు చదును నేల మీద ఆగుతుందా? కప్పులతో ప్రిన్సిపాల్ గారి బీరువా నిండిపోయి, కిటికీ గూళ్ళు కూడా చాల్లేదు. పెద్ద ఊళ్ళ కాలేజీలు రమ్మన్నా కదల్లేదాయన. "ఇట్టాంటి మాగాణి వాళ్ళకుందంట్రా?" అనేవారు.

ఇంత గొప్ప జట్టులో నేను ఆడానని చెబితే కళ్ళు పోతాయి. నాది బెంచీ. ఎవరికైనా దెబ్బ తగిలితే దిగాలి. మావాళ్ళవి ఇనప కాళ్ళు, తగిలి చస్తేగా! సార్ మాత్రం ప్రతి మ్యాచ్‌కీ నా పక్కనే కూర్చుని, వేయించిన వేరుశనక్కాయలు నా చేతిలో పోసేవారు. "ఆడేవాణ్ణి ఊరంతా చూసిద్దిరా. కూర్చున్నోణ్ణి నేను చూసుకోవాలి."

నా చివరి ఏడాది ఫైనల్ మా ఊళ్ళోనే, రేపల్లెలో. మా నాన్న బట్టల కొట్టు మూసి మరీ వచ్చాడు. సగం ఆటయ్యాక బెంచీ దగ్గరికొచ్చి, "ఏంటిరా, నువ్వెప్పుడు దిగుతావ్?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సార్ లేచి నిలబడ్డారు. "దింపుతానండి. కాస్త చూడండి."

ఆట చివరికొచ్చింది. మేం ఒక గోలు ముందున్నాం. సార్ నన్ను లేపి గీత పక్కన నిలబెట్టారు. బంతి బయటికి పోతే నేను లోపలికి పోవాలి. పోదే! మావాళ్ళు ఒకళ్ళ కాలి నుంచి ఇంకొకళ్ళ కాలికి అందించుకుంటూ గీత దాటనివ్వలేదు. అదంతా సార్ నేర్పిన ఆటే. అంతలో విజిల్ పడింది. గెలిచాం. జనం నన్ను పక్కకు తోసేసి మైదానంలోకి పరుగెత్తారు.

తర్వాత ఆయన ఎన్ని కప్పులు గెలిపించారో! నేను కనపడితే మాత్రం, "ఇంకాస్త ముందు లేపాల్సిందిరా నిన్ను" అనేవారు. "పోనీండి సార్" అనేవాణ్ణి. అది పోలేదు. ఇప్పటికీ పిల్లలెక్కడ ఆడుతున్నా గీత దగ్గర కాసేపు నిలబడందే నా కాళ్ళు కదలవు.

పోయిన నెల బాపట్ల వెళ్ళాను. "ఎవర్నీ గుర్తుపట్టట్లేదు బాబూ" అన్నారు సార్ భార్య. మంచం పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన చెయ్యి నా భుజం మీద పడింది.

"లేరా. బంతి బయటికెళ్ళింది. దిగు."

గుమ్మం వైపు చూపించారు. అమ్మగారు ఏదో చెప్పబోయారు. నేను లేచాను. మోకాళ్ళు మొరాయిస్తున్నా వరండా దిగి, ఎండ పడుతున్న వాకిట్లోకి పరుగెత్తాను.

"ఎడమకి! ఎడమకి పోరా!" కిటికీలోంచి ఆయన అరుస్తున్నారు.

ఎడమకే పోయాను.