పచ్చగువ్వలకు చోళ్ళు చల్లిన గుమస్తా

పచ్చగువ్వల విషయంలో నేను పచ్చి మూర్ఖుణ్ణి. పావురమన్నాక గింజలు తినదా అని జువ్విచెట్టు కింద గుప్పెళ్ళకొద్దీ చోళ్ళు చల్లి, పొదచాటున నక్కాను. వచ్చినవి ఊరి కోళ్ళు. వాటి వెనకే వాటిని పెంచే ముసలమ్మ.

"ఏటి బాబూ, మా కోళ్ళకి సంబరం సేత్తన్నావు?"

"గువ్వల కోసం, అమ్మా."

"అలాగేటి! గుడ్లెడితే నీకూ ఓటి ఇత్తాన్లే."

పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. అరకులోయకి రైలు లేదు. ఫారెస్టు కచేరీలో నేను గుమస్తాని. మా రేంజరుగారికి పచ్చగువ్వ మాంసమంటే ప్రాణం. గువ్వ ప్రాణమంటేనే లెక్కలేదు. ఆయన తుపాకీకి చెట్టు చూపించడం నా అదనపు ఉద్యోగం.

ఆ జువ్విమీద ఒక్క పిట్టా లేదని చెప్పాను. ఆయన కొమ్మల్లోకి రాయి విసిరారు. చెట్టులో సగం ఆకులకి రెక్కలొచ్చినట్టు గుంపు లేచింది. తుపాకీ పేలింది. ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది.

"నీ మొహానున్నవి కళ్ళా, బొత్తాలా?" అన్నారు. బంట్రోతులు విరగబడి నవ్వారు.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పసుపుకొమ్ముల్లాంటి కాళ్ళు, బూడిదరంగు తల, భుజంమీద వంగపండు రంగు మచ్చ. ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కులోంచి జువ్విపండు జారింది. చెట్టు చూపించే నా వేలు ఇక ఏ గువ్వనీ చంపదని అప్పుడే అనుకున్నాను. కానీ అవి ఎక్కడ లేవో చెప్పాలంటే, ఎక్కడున్నాయో తెలియాలి కదా!

తీరిక దొరికినప్పుడల్లా చెట్లకింద కూర్చున్నాను. అలికిడైతే గువ్వలు బిగుసుకుపోయి ఆకులైపోతాయి. మనం కదలకపోతే, కాసేపటికి కొరికిన పళ్ళు నెత్తిమీద రాలతాయి. అప్పుడు ఈల. ఊరి పావురంలా కువకువలాడదు. మరిచిపోయిన పాటని ఎవరో మెల్లగా వెతుక్కుంటున్నట్టు వేస్తుంది.

మళ్ళీ పళ్ళకాలం వచ్చింది. రేంజరుగారు బావమరిదిని వెంటబెట్టుకొచ్చారు.

"ఈసారి చూపించకపోయావో, నీ ఉద్యోగం ఊడిందే!"

కాయలింకా పండని జువ్వి దగ్గరికి తీసుకెళ్ళాను. పండు లేని చోట పచ్చగువ్వ వాలదు.

"అవిగోనండి, నిండా ఉన్నాయి. రాయి వేస్తే లేచిపోతాయి, కూర్చున్నవాటినే కొట్టండి."

"ఎక్కడయ్యా?"

"తమకి కనబడటంలేదాండీ?" అన్నాను, అతి వినయంగా.

బావమరిది ఆయన మొహంలోకి చూశాడు.

"ఎందుకు కనబడవు! బోలెడు!" అని పేల్చారు. ఆకులు రాలాయి.

"ఒక్కటీ ఎగరలేదేం బావా?"

"భయానికి బిగుసుకుపోయాయిరా," అన్నారు రేంజరుగారే.

తూటాల సంచి ఖాళీ అయ్యేదాకా, ఒక్కొక్క ఖాళీ కొమ్మనీ ఆయనకి వేలుపెట్టి చూపిస్తూనే ఉన్నాను.