వాకిలి సాక్ష్యం

పేచ్చియమ్మాళ్ ఇంటి తలుపుకు గడియ లేదు. ఒకప్పుడు ఉండేది, రెండేళ్ళ కిందట తనే స్క్రూలు విప్పి పీకి పారేసింది. కోవిల్‌పట్టిలో ఆ వీధి ఆడవాళ్ళు “దొంగలొస్తే ఏం చేస్తావక్కా?” అని ఆటపట్టిస్తే, “రానీ. వాడు లోపలికొచ్చే వాకిట్లోనే నేను బయటికి పోతా” అనేది. తరతరాలుగా తమిళనాట ఉంటున్న వాళ్ళ ఇంటి తెలుగులో వాకిలి అంటే తలుపే. బస్సెక్కితే మెట్ల పక్క సీటు. డాక్టరు తలుపు వేయమంటే, ఆ జ్వరమేదో ఇంట్లోనే తగ్గించుకుంటానని లేచి వచ్చేసేది. ఇక మనుషుల మీద అనుమానమంటారా, అది ఆమెకు ఉప్పులాంటిది. లేకపోతే ముద్ద దిగదు.

ఊరికే వచ్చిన అనుమానం కాదది. పదమూడేళ్ళు అగ్గిపెట్టెల పని చేసి, తర్వాత చెల్లెలు పాపమ్మాళ్‌తో కలిసి వెంబకోట్టై వైపు ఒక బాణసంచా యూనిట్‌కు వ్యానులో వెళ్ళేది. అక్కడ మందు దట్టించే గదికి నాలుగు పక్కలా నాలుగు తలుపులుండాలి, లోపల నలుగురికి మించి కూర్చోకూడదు. అది రూలు. తలుపులు నాలుగూ ఉన్నాయి కానీ, మూడింటికి అడ్డంగా పెట్టెలు పేర్చి ఉండేవి. లోపల కూర్చునేది ఎనిమిది మంది. రెండేళ్ళ కిందట ఒక రోజు ఇన్‌స్పెక్షన్ జీపు వస్తోందని కబురు రాగానే, ఫోర్‌మన్ ఆ ఎనిమిది మందినీ లోపలే ఉంచి, మిగిలిన ఒక్క తలుపుకూ బయట తాళం వేశాడు. వాడని గది అనుకుని ఆఫీసర్లు దాటిపోతారని వాడి తెలివి. తెలివి తగలబడ! జీపు గేటు దాకా రాకముందే మందు అంటుకుంది. పక్క షెడ్డులో ఉన్న పేచ్చియమ్మాళ్ పరుగెత్తుకొచ్చి తలుపు లాగింది. తాళం చేతికి తగిలింది, కాలుతూ. ఆ మచ్చ ఇప్పటికీ కుడి అరచేతిలో ఉంది. లోపలున్న ఎనిమిది మందిలో పాపమ్మాళ్ ఒకతె.

విచారణ కాగితంలో ఏం రాశారో తెలుసా? “తలుపు మూసి ఉంది. తోసుకుని రావచ్చు, కంగారులో రాలేకపోయారు.” అంటే తప్పు చచ్చినవాళ్ళది! ఆ కాగితం పట్టుకునే యజమానులు యూనిట్ మళ్ళీ తెరవడానికి అర్జీ పెట్టుకున్నారు. తాళం మాట ఎక్కడో ఒకచోట రాతలోకి ఎక్కాలి. లేకపోతే అదే గదిలో, అదే ఫోర్‌మన్ కింద, ఇంకో ఎనిమిది మంది కూర్చుంటారు. పేచ్చియమ్మాళ్‌కు కావలసింది అదొక్కటే.

అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి పార్లమెంటు కమిటీ విరుదునగర్ వస్తోందని, సాక్ష్యం చెప్పడానికి రమ్మని ఉత్తరం వచ్చింది. కూతురు కార్తీశ్వరిని వెంటబెట్టుకుని గెస్ట్ హౌస్‌కు వెళ్ళింది. వరండాలో కూర్చుని ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఒక కంట కనిపెట్టింది. ప్రభుత్వం తరఫున దుబాసీగా వచ్చిన సెంథిల్‌కుమార్, యూనిట్ మేనేజరు పక్కపక్కనే నిలబడి టీ తాగుతున్నారు. ఇంకేం కావాలి! “చూస్తివా కార్తీ, ఒకే తట్టలో బిస్కెట్లు” అని గొణిగింది.

పిలుపు వచ్చింది. గదిలో అయిదుగురు మెంబర్లు. ఆ ప్రయాణంలో తమిళ మెంబరంటూ ఒక్కరూ లేరు. ఉత్తరాది చైర్మన్, ఆయన ఎడమ పక్క నెరిసిన మీసాల ఆంధ్రా మెంబరు. బంట్రోతు తలుపు మూయబోతే పేచ్చియమ్మాళ్ కాలు అడ్డం పెట్టింది.

“వాకిలి మూస్తే నేను లోపల ఉండను సామీ.”

చైర్మన్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. సెంథిల్‌కుమార్ విప్పి చెప్పాడు. “కమిటీ కూర్చుంటే వాకిలి మూయాలమ్మా, అది రూలు. లోపల మాట బయటికి పోకూడదు. అయినా ఇయ్యాల జరిగేది విచారణ కాదు, ఇన్ఫార్మల్. అంటే సుమ్మా మాట్లాడేది. రాతలేమీ ఉండవు, నువ్వేమీ బయపడేదే లే.”

సుమ్మా అంటే ఊరికే. ఆ ఒక్క మాటకు పేచ్చియమ్మాళ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

“సుమ్మానా? ఢిల్లీ నుంచి ఏరోప్లేన్ ఎక్కి సుమ్మా మాట్లాడేకి వస్తిరా? సుమ్మా మాట్లాడేదానికి వాకిలి ఎందుకు మూసేది? మూస్తే రాయండి. రాయకపోతే తెరిచి పెట్టండి!”

ఆంధ్రా మెంబరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. పొద్దుటి నుంచీ ఆయన గొడవ పెట్టుకుంటున్నది సరిగ్గా దీని మీదే. ఇది కమిటీ సమావేశమైతే ప్రతి మాటా రాయాలి. కాకపోతే రహస్యమన్న రూలు దీనికి వర్తించదు. రెంటికీ చెడ్డ రేవడి చేయకండి అని. ఢిల్లీ బయట సమావేశానికి స్పీకరు అనుమతి కావాలంటాడు చైర్మన్. అడగండి, ఫోన్లు లేవా అంటాడు ఈయన. రెండు గంటలు వాదించుకున్నారు. పేచ్చియమ్మాళ్ వరండాలో కూర్చుని అంతా నాటకమే అనుకుంది. చివరికి అనుమతి వచ్చింది, రాసుకునే ఆమె మెషీన్‌తో సహా వచ్చి కూర్చుంది.

ఇప్పుడిక బయటివాళ్ళంతా వెళ్ళిపోవాలన్నారు. కార్తీశ్వరి లేచింది.

“నా కూతురు పోతే ఆయనా పోవాల” అని పేచ్చియమ్మాళ్ సెంథిల్‌కుమార్ వైపు చెయ్యి చూపింది. “నా మాట ఆయన నోట్లో పడితే ఏమయ్యి బయటికొస్తాదో!”

పాపం అతను మొహం మాడ్చుకుని ఆంధ్రా మెంబరు వైపు చూశాడు. “పర్వాలేదు, మనది తెలుగే కదా. ఆమె చెప్పింది నేనే ఇంగ్లీషులో చెబుతాను” అన్నాడు మెంబరు. దుబాసీ వెళ్ళిపోయాడు. తలుపు మూశారు. గడియ పెట్టలేదని లాగి చూసుకున్నాకే ఆమె కూర్చుంది.

నలభై నిమిషాలు చెప్పింది. ఎనిమిది మంది, అడ్డం పెట్టెలు, జీపు, పొగ. మెంబరు తలాడిస్తూ ఇంగ్లీషులోకి మారుస్తూనే ఉన్నాడు. అసలు మాట దగ్గరికి వచ్చింది.

“నేను పరిగెత్తిపోయి చూస్తే వాకిలి పూట్టివుండె సామీ.”

“పూట్టి అంటే? మూసి ఉందా?”

ఆ పెద్దమనిషి అంత మర్యాదగా అడిగేసరికి, తన తమిళపు తెలుగుకు ఆమెకే సిగ్గేసింది. “ఆమా సామీ, మూసివుండె” అని ఔనంది. పూట్టిన వాకిలి, అంటే తాళం వేసింది, మూసిన వాకిలే కదా అనుకుంది. అనుకుని ముందుకు సాగిపోయింది.

నెల తర్వాత ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. కవరు అంచు ఎవరైనా ముందే విప్పి అంటించారేమోనని పేచ్చియమ్మాళ్ వెలుతురులో పెట్టి చూసింది. ప్రతి పేజీ మీదా ‘రహస్యం’ అని ముద్ర.

“ఎవరికీ చూపకూడదని రాసుంది మా. నేను చదవకూడదు” అంది కార్తీశ్వరి.

“అట్లయితే నాకు ఇంగ్లీషులో ఎందుకు పంపిరి? చదువు నువ్వు.” ఆ మాట అని, వీధిలోకి తొంగిచూసి, రెండేళ్ళలో మొదటిసారి తన ఇంటి తలుపు తనే మూసింది.

కార్తీశ్వరి చదువుతూ చదువుతూ ఆగింది. “తలుపు మూసి ఉంది అని ఉంది మా. తాళం అని ఎక్కడా లే.”

“మార్చేసినారే! ఆ సెంథిల్‌కుమారుదే ఈ పని. లేకపోతే ఆ మీసాలాయనకి మేనేజరు ఏమో ఇచ్చినాడు...”

“ఎవరూ మార్చలే మా. నువ్వే చెప్పినావు. ‘మూసి ఉందా’ అని ఆయన అడిగినాడు, ‘ఆమా’ అని నువ్వన్నావు. ఇదో, రాసుంది.”

పేచ్చియమ్మాళ్ గోడవారన కూలబడింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఎంతమందికి నీతులు చెప్పింది! ఊరందరినీ అనుమానించింది, తన నాలుకను తప్ప. పూట్టి అన్న మాట తెలిసిన దుబాసీని తనే గదిలోంచి వెళ్ళగొట్టింది. చెల్లెలు చచ్చింది తాళం వల్లైతే, ఇప్పుడా తాళాన్ని కాగితం మీద నుంచి తీసేసింది తనే. తల గోడకేసి కొట్టుకుని ఏడ్చింది.

“దిద్దకూడదా కార్తీ?”

“రాసుకున్న తప్పు దిద్దవచ్చంట. చెప్పిన మాట మార్చకూడదంట. పదిహేను దినాల్లో పంపాల.”

అప్పుడే పక్కింటి ఇసక్కిసెల్వి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. “ఏమక్కా, నువ్వా వాకిలి మూసింది! ఏమైంది? కొంచెం కరివేపాకు ఇయ్యి.”

కార్తీశ్వరి కాగితాలు చాపకింద దోపింది. పేచ్చియమ్మాళ్ కరివేపాకు ఇచ్చి పంపి, తెరుచుకున్న తలుపు కేసి చూస్తూ నిలబడిపోయింది.

“చూడే. మూసిన వాకిలంటే ఇది. తోస్తే వచ్చేసింది. కరివేపాకు కోసరం కూడా తెరుచుకుంటాదే! మా చెల్లి ఎంత తోసిందో...”

కార్తీశ్వరి చాపకింది నుంచి ఆ పేజీ తీసి మళ్ళీ చదివింది. ఈసారి వేలు పెట్టి, మాటమాటా. “మా, ఇట్లా చూడు. ఆయన అడిగేదానికి ముందు నువ్వు చెప్పిన వరుస. ‘తలుపు’ అని ఉంది. తర్వాత నాలుగు చుక్కలు. ‘ఉంది’ అని ఉంది.”

“చుక్కలేంది? వాకిలి పూట్టివుండె అంటినే నేను!”

“అర్థం కాని మాటకు చుక్కలు పెట్టినారు. నువ్వు పూట్టి అన్న మాట. అది ఎవరికీ అర్థం కాక చోటు వదిలేసినారు.”

పేచ్చియమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. “అట్లయితే అది మార్చేది కాదు కదా. నేను చెప్పిందే కదా.”

“చెప్పిందే మా.”

పేచ్చియమ్మాళ్ పెన్ను తీసుకుంది. ఇంట్లో మాట్లాడే తెలుగుకు ఆమె చేతిలో అక్షరాలు లేవు, బడిలో నేర్చింది తమిళమే. మచ్చపడ్డ అరచెయ్యి పెన్నును సరిగా పట్టుకోనివ్వలేదు. ఆ నాలుగు చుక్కల మీద, తమిళ అక్షరాల్లో, వంకరగా, కాగితం చిరుగుతుందా అన్నంత గట్టిగా రాసింది: పూట్టి.

దాని పక్కన కార్తీశ్వరి ఇంగ్లీషులో రాసింది: బయట తాళం వేసి.

“చదువు” అంది పేచ్చియమ్మాళ్. కూతురు చదివింది. “ఇంకో తూరి చదువు” అంది.