భుజంలోని పోగులు

ఈ ఉదయం అనంతపురం ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చోగానే కుడి భుజం మీద చల్లటి జెల్లు పడింది. ఎన్నిసార్లు పడినా ఒళ్ళు జలదరిస్తుంది, ఆ వెంటనే లోపల ఉత్సాహం పొంగుతుంది. భుజానికి స్కానింగ్ చేయడం నేర్చుకునే కుర్ర డాక్టర్లకు నా భుజమే పలక. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం మీద కూర్చునే నన్ను ఈ స్టూలు మీదికి తెచ్చింది విమల మేడమ్.

అప్పట్లో మగ్గం మీద నూలును అటూ ఇటూ పరిగెత్తించే నాడె తాడు లాగి లాగి నా భుజం పట్టేసింది. నా జడ కూడా పక్కింటావిడే వేసేది. లోపల నరం తెగి ఉంటే ఇక మగ్గం దిగాల్సిందేనని మా ఊరి డాక్టరు చెప్పి స్కానింగుకు పంపాడు. మా ఆయన పోయాక నా ఇల్లు నిలబడింది ఆ మగ్గం మీదే. చదువు లేదు, ఇంకో పని రాదు. పట్నం పోతున్నానని, నేసేటప్పుడు అంచు చెడి అమ్ముడుపోక ఇంట్లో మిగిలిన పట్టుచీర కట్టుకున్నాను. నిలువు పోగుల పడుగు ఎరుపు, అడ్డు పోగుల పేక ఆకుపచ్చ.

నేను వెళ్ళేసరికి విమల మేడమ్ క్లాసు చెబుతోంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం గది దాటి వినిపిస్తుంది. పుట్టింది మా వైపు యాడికి అనే ఊళ్ళో కాబట్టి మా మాటే మాట్లాడేది. నన్ను అడిగి, నేను సరేనన్నాక ఇంతియాజ్ అనే కుర్ర డాక్టరును ముందుకు పిలిచింది. అతను పుస్తకంలో చదువుకున్నది చదువుకున్నట్టే, వెనక జేబులో చెయ్యి పెట్టుకోమన్నాడు నాతో. నేను చీర చుట్టూ తడుముకున్నాను.

"ఏమప్పా, ఆయమ్మ చీరకు జేబు యాడుండాది? నువ్వు కుట్టిచ్చినావా?" అంది మేడమ్. గదంతా నవ్వింది, నొప్పిలో నేనూ నవ్వాను. తర్వాత నా వైపు తిరిగి, కొంగు నడుము వెనక దోపుకునేటప్పుడు చెయ్యి ఎట్లా పెడతావో అట్లా పెట్టమంది. అలా పెడితే ఎముక చాటున ఉన్న నరం ముందుకు వస్తుందట. చెయ్యి అంతవరకు పోకపోయినా, పోయినంత చాలంది.

ఇంతియాజ్ స్కానింగ్ మిషన్ పిడిని, ప్రోబు అంటారు దాన్ని, భుజం మీద ఆనించి తెర వైపు చూశాడు. నుదురు ముడిపడింది. తెర మీద నల్లటి మచ్చ నాకూ కనిపించింది.

"మేడమ్, తెగినట్టుండాది."

మగ్గం ఎవరికి అమ్మాలి అనే ఆలోచన నాకు అప్పుడే వచ్చేసింది.

మేడమ్ తెర వైపు చూడలేదు. నా కొంగు అంచు పట్టుకుని అతని కళ్ళ ముందు పెట్టింది.

"ఏం రంగు?"

"ఎరుపు మేడమ్."

కొంచెం వాల్చింది. "ఇప్పుడు?"

"ఆకుపచ్చ."

"చీర మారిందా?"

అతను తన చేతి వైపు చూసుకున్నాడు. ప్రోబు ఒక పక్కకు వాలి ఉంది. మెల్లగా నిటారు చేశాడు. తెర మీద నలుపు కరిగిపోయి, తెల్లటి గీతలు పక్కపక్కన, పడుగు పరిచినట్టు వరుసగా వచ్చాయి.

"తెగిందైతే ఎట్ల పట్టినా నల్లగానే ఉంటాది. ఒక్క చూపుతో మనిషి బతుకు మీద మాట అనొద్దప్పా," అని అతనికి చెప్పి, "చూడు రత్నక్కా, నీ పోగులు," అంది.

నా లోపల అంత నేత ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నరం మీది పొర వాచిందని, కొన్నాళ్ళు మగ్గం ఆపి చెయ్యి కదిలించే సాధన చేయాలని చెప్పింది. చేశాను. మళ్ళీ మగ్గం ఎక్కాను.

సన్నటి భుజంలో అన్నీ బాగా కనిపిస్తాయని ఆమె నన్ను ప్రతి క్లాసుకూ రమ్మంది. ఒకసారి పిల్లలకు గుర్తుండాలని నా భుజం మీద పెన్నుతో 'ఎముక' అని ఒకచోట, 'పోగు' అని ఒకచోట రాసింది. నా ఒంటి మీది రాత నేనే చదవలేకపోతున్నానని ఇంటికి వచ్చాక ఉక్రోషం వచ్చింది. అద్దంలో చూసి పలక మీద దింపి, తర్వాతి క్లాసుకు పట్టుకుపోయాను. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. మేడమ్ పడీపడీ నవ్వి, ఆ పూటే 'ఎ' దిద్దించింది. నెరిసిన జుట్టుతో అలా మొదలైన చదువే ఇప్పుడు ఇది రాయిస్తోంది.

ఉద్యోగం అయిపోయాక మేడమ్ తన సొంతూరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు క్లాసు చెప్పేది ఇంతియాజే. ఈ ఉదయం కొత్తగా వచ్చిన అమ్మాయి ప్రోబు పెట్టి, తెర చూసి, "సార్, ఇక్కడ తెగినట్టుంది," అంది భయంగా. ఇంతియాజ్ నా వైపు చూశాడు. క్లాసు ఉన్న రోజు నేను కట్టుకునేది ఆ అంచు చెడిన చీరే. కొంగు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఎరుపు చూసింది, ఆకుపచ్చ చూసింది, మళ్ళీ ఎరుపు చూసింది. ఆమె మణికట్టు మెల్లగా నిటారయింది. నేను గబుక్కున తెర వైపు తిరిగాను, నా పోగులు వస్తున్నాయి.