జీపు ఆగింది, ట్రాలీ ఆగలేదు

ఒక్క నిమిషంలో మా మావగారి చేపల పంటనీ, పంచె మడతల్నీ, నామీద ఆయనకున్న కాస్త నమ్మకాన్నీ కలిపి కాలువలో కలిపిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నిదానంగా నవ్వండి.

నాకు పెళ్ళయి ఆర్నెల్లు. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాడు గొప్పవాడనుకునే రోజులు. ఏలూరులో కాపురం, ఇంటిముందు టాపు లేని ఓ పాత జీపు. బ్రేకు తొక్కితే అది ఆగేది కాదు, ఆగాలా వద్దా అని ఆలోచించేది.

మావగారికి కొల్లేరు ఒడ్డున చేపల చెరువుంది. పెంటపాడు దగ్గర్నుంచి చేపపిల్లలు తెచ్చి వదలాలి. ఎప్పుడూ తెచ్చే వ్యాను ఆ ఏడు మూలపడింది.

"నా జీపుకి ట్రాలీ తగిలించి, దానిమీద నీళ్ళ ట్యాంకు పెట్టి తెచ్చేస్తానండి," అన్నాను.

"మరి బ్రేకులు కాస్త..." అని నసిగారాయన. కొత్త అల్లుణ్ణి అంతకంటే ఏమంటారు పాపం.

"రేపటికి గోడలా ఆగుద్ది, చూడండి," అని సరాసరి మెకానిక్ మస్తాన్‌గారి షెడ్డుకి వెళ్ళాను. ఆయన బ్రేకు షూలు మార్చి, సిలిండర్లు మార్చి, పెడల్ మెత్తగా పడేలా బూస్టరు కూడా బిగించారు. నేను తొక్కి చూశాను. జీపు ఎంత గట్టిగా ఆగిందంటే నా ముక్కు అద్దం దాకా వెళ్ళి పలకరించి వచ్చింది.

"జీపుకి ఢోకా లేదండి," అన్నారు మస్తాన్‌గారు చేతులు తుడుచుకుంటూ. "ట్రాలీకి కూడా బ్రేకులు పెట్టిద్దామండి. రెండ్రోజులు ఆగండి."

"రేపే వెళ్ళాలండి. అయినా జీపుకి కట్టేసి ఉన్నది, జీపు ఆగితే అదెక్కడికి పోద్దండీ?"

"నేననేదీ అదేనండి. ఎక్కడికి పోద్దో చెప్పలేం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అక్కడైనా నాకు అర్థం కావలసింది.

మర్నాడు ట్యాంకు నిండా నీళ్ళు, నీళ్ళ నిండా బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు. పక్కసీట్లో ఇస్త్రీ మడత నలగని పంచెతో మావగారు. గణపవరం దాటి, పంటకాలువ పక్క రోడ్డుమీద హుషారుగా పోతున్నాం. ఉన్నట్టుండి గట్టు దిగి బాతుల మంద రోడ్డెక్కింది. వందల బాతులు, పెళ్ళికి బయల్దేరినంత తీరిగ్గా.

తొక్కాను. జీపు గోడలా ఆగింది. ఒక్క బాతుకి ఈకైనా ఊడలేదు.

"చూశారాండీ," అన్నాను గర్వంగా మావగారి వైపు తిరిగి.

ఈ సంగతి ట్రాలీకి ఎవరూ చెప్పలేదు. ముందు ట్యాంకులో నీళ్ళు మూత ఎగరగొట్టుకుని మా ఇద్దరి నెత్తిన పడ్డాయి. ఆ వెనకే ట్రాలీ వచ్చి జీపుని ఓ తోపు తోసింది. చక్రాలు తిరగడం లేదు గాని, జీపు మాత్రం బురదలో పీటలా జారుకుంటూ పోయి కాలువలో మూతి పెట్టి, మా ఇద్దర్నీ నీళ్ళలోకి దొర్లించింది. ట్రాలీ పక్కకి తిరిగి, ట్యాంకుని మొత్తంగా కాలువలోకి వంచేసింది.

మావగారు మొలలోతు నీళ్ళలో లేచి నిలబడి, చొక్కా జేబులోంచి గిలగిలలాడుతున్న ఓ శీలావతి పిల్లని తీసి, చాలా మర్యాదగా నా చేతిలో పెట్టారు.

"ఇది మిగిలిందండి, అల్లుడుగారూ."

అదీ మిగల్లేదు. నా వేళ్ళ సందులోంచి జారి నీళ్ళలో పడగానే ఓ బాతు గుటుక్కుమనిపించింది. తలెత్తి చూస్తే, నేను ప్రాణాలకి తెగించి కాపాడిన మందంతా కాలువలోకి దిగి, మావగారి చెరువుని వరసపెట్టి భోంచేస్తోంది.

గట్టుమీద బాతులాయన కర్ర చంకలో పెట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు.

"ఏవండీ, మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

ఆ కాలువలోనే, నెత్తిన నాచుతో, మావగారి సమక్షంలో చెయ్యెత్తి ప్రమాణం చేశాను: తనంతట తాను ఆగడం చేతకాని దేన్నీ ఈ జన్మలో నా వెనకాల కట్టుకోను.