చంద్రరావు గారి గోళీ

బాత్రూమ్ పగలగొట్టించాక పన్నెండు రోజులుగా బకెట్, తువ్వాళ్ళు పట్టుకుని పక్కింటికి స్నానాలకు వెళ్తున్నాం. కొత్త టైల్స్ మీద నీళ్ళు నిలిస్తే మా రెండేళ్ళ దేవిశ్రీ జారిపడుతుందని నా భయం. ఫోన్‌లో యాప్‌తో వాలు కొలిచాను. సరిగ్గానే ఉందంది.

"మీ ఫోను స్నానం చేస్తాదేంటండీ?" అని తాపీమేస్త్రి చంద్రరావు గారు నవ్వి, జేబులోంచి గోళీ తీసి గుమ్మం దగ్గర వదిలారు. ముప్పై ఏళ్ళుగా ఆయన పరీక్ష అదే. గోళీ నీళ్ళు పోయే జాలీ దాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయింది. నేను అడగకముందే ఆయన రెండు టైల్స్ పీకేశారు.

"ఇంకో రెండ్రోజులు పక్కింటికెళ్ళాలండి."

"వెళ్తాం లెండి."

మూడోరోజు గోళీ దొర్లుకుంటూ జాలీ చేరింది. దేవిశ్రీ చప్పట్లు కొట్టి దాని వెంట పరుగెత్తింది. నేను నోరు తెరిచేలోపే ఆయన గోళీని జేబులో వేసుకున్నారు.

"మింగేస్తాదని కదండీ, ఇప్పుడు మీ భయం!"