రుక్కమ్మ ఇంటి ఫ్రిజ్

రాధది సిరిసిల్ల. తండ్రి ఆనంద్ సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల చప్పుడులోనే చదువుకుంది కాబట్టి ఇప్పటికీ ఫోన్‌లో అరిచినట్టే మాట్లాడుతుంది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు ఆమెకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. నాలుగేళ్లు ఫీజూ హాస్టలూ చూసుకుని, పది మందిలో నిలబడి మాట్లాడటం, పది మందిని వెంటేసుకుని పని చేయించడం కూడా నేర్పి పంపారు. ఇప్పుడు జగిత్యాలలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తోంది.

ఆ స్కాలర్‌షిప్‌కు ఒక పద్ధతి ఉంది. చదువు అయిపోయినా వదిలిపెట్టరు. ఎండాకాలంలో పాత విద్యార్థులు వాళ్ల జిల్లాలో కొత్తగా అప్లై చేసిన పిల్లల ఇళ్లకు పోవాలి. నిజంగా లేనివాళ్లో కాదో చూసి కాగితం మీద రాసివ్వాలి. పరీక్ష మార్కులతో పాటు ఆ కాగితం కూడా చూసే సీటు ఇస్తారు. సీటు వచ్చిన పిల్లలకు అక్కలాగా, అన్నలాగా ఉండి వారానికోసారి ఫోన్ చేయాలి. జీతం ఏమీ ఉండదు. రాధ నాలుగేళ్లుగా సెలవు రోజులన్నీ దీనికే పెడుతోంది. తనను ఎవరూ మోసం చేయలేరని ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ ఆదివారం కోరుట్లలో సరిత అనే అమ్మాయి ఇల్లు చూడాలి. తల్లి నర్సక్క బీడీలు చుడుతుంది, తండ్రి సాయిలు కూలికి పోతాడు. కాగితంలో అలాగే ఉంది. ఆటో దిగి, దారి అడుగుతూ పోయిన రాధ గడప దగ్గరే ఆగిపోయింది. రేకుల కింద ఒక్కటే గది. ఆ గదిలో ఎర్ర సోఫా, నిలువెత్తు ఫ్రిజ్, గోడకు ఆనించిన పెద్ద టీవీ. సోఫా గది నిండా ఉంది. సాయిలు దాని పక్కనుంచి పొట్ట లోపలికి పీల్చుకుని అడ్డంగా వచ్చి నమస్కారం పెట్టాడు.

కూర్చోమని నర్సక్క సోఫా దులిపింది. కొత్త చీర కట్టుకుంది. బీడీల చేట ఎక్కడా కనబడలేదు. ఇవన్నీ మీవేనా అని రాధ అడిగితే మావేనంది, కానీ ముఖం చూడకుండా అంది. సరిత తలుపు పక్కన నేల చూస్తూ నిలబడింది. రాధ పెన్ను తీసి ‘ఫ్రిజ్’ అని రాసింది. ‘సోఫా’ అని రాయబోతుంటే పక్కింటి రుక్కమ్మ లోపలికి వచ్చింది. నేరుగా ఫ్రిజ్ తలుపు తీసి పెరుగు గిన్నె పట్టుకుంది.

“ఏమనుకోకు నర్సక్కా, మా అత్త కంచం ముంగట కూసున్నది. పెరుగు లేకుంటే ముద్ద మింగది.”

అప్పుడు చూసింది రాధను. గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది.

“నేను మొదలే జెప్పిన,” అని సాయిలు గొణిగాడు. “నలుగురం మోసినం. నడుం వట్టింది.”

ఇదంతా ఏమిటని రాధ అడిగింది. నర్సక్క సోఫా కింద నుంచి బీడీల చేట బయటికి లాగింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో.

“ఇల్లు సూడ అస్తరని మా బిడ్డ జెప్పింది మేడం. సంబంధానికి ఇల్లు సూడ అస్తే వాడకట్టోళ్లు తలా ఒకటి ఇయ్యరా? గట్లనే అనుకున్నం. ఏం లేని ఇల్లు జూస్తే మా పిల్లను ఎవలు తీసుకుంటరు?”

“ఏం లేనోళ్లకే గదమ్మా గీ స్కాలర్‌షిప్,” అంది రాధ.

రుక్కమ్మకు నవ్వు ఆగలేదు. “మా ఆయన దుబాయిల కష్టపడి కొన్నయి నీ పేరు మీద రాయించుకుంటున్నవా నర్సక్కా,” అంది. సరిత కూడా నవ్వింది. రాధ నవ్వుతూ ‘ఫ్రిజ్’ కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది.

పెట్టాక ఆమె నవ్వు ఆగిపోయింది.

నిరుడు మేడిపల్లిలో మొగిలవ్వ అనే ఆమె ఇల్లు చూసింది. కూతురు శైలజ అప్లై చేసింది. అక్కడా కొత్త ఫ్రిజ్ ఉంది. వరండాలో నాలుగు ఇటుకల మీద పెట్టారు. దాని వైరు కరెంటుకు పెట్టనే లేదు. అది రాధ కళ్లతో చూసింది. చూసి కూడా ఐదు నిమిషాల్లో ‘కలిగిన కుటుంబం’ అని రాసి బస్సెక్కింది. పైగా పాత విద్యార్థుల మీటింగులో, జనం ఇలా కూడా మోసం చేస్తారని ఆ ఫ్రిజ్ కథ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రాధ సరాసరి మేడిపల్లి బస్సెక్కింది. పోయేసరికి వరండాలో నాలుగు ఇటుకలే ఉన్నాయి. మొగిలవ్వ గుర్తుపట్టి చాప వేసి మంచినీళ్లు ఇచ్చింది. ఫ్రిజ్ సంగతి అడిగితే ఆడబిడ్డదని, ఇల్లు చూసే రోజుకని వాళ్ల ట్రాలీలోనే వచ్చి వాళ్ల ట్రాలీలోనే పోయిందని మామూలుగా చెప్పింది. శైలజ జగిత్యాలలో చీరల దుకాణంలో పని చేస్తోందట.

“మీ పరీక్షల మార్కులు తక్కువ వడ్డట్టున్నయి మేడం. వాళ్ల నాయిన మస్తు తిట్టిండు. పిల్ల ఒక్క మాట అనలే. పుస్తకాలన్నీ కట్టగట్టి అటుక మీద వెట్టింది.”

ఆ ఏడు జిల్లా మొత్తంలో ఆ పరీక్షలో ఎక్కువ మార్కులు శైలజవే. మార్కుల వల్ల కాదు, తను రాసిన రెండు మాటల వల్ల సీటు పోయిందని చెప్పడానికి ఆమెకు చాలా సేపు పట్టింది. పది మందిలో మాట్లాడటం నేర్చుకున్న మనిషి, ఒక్క మనిషి ముందు తడబడింది.

మొగిలవ్వ తిట్టలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని ఇటుకల వైపే చూస్తూ కూర్చుంది.

“గా దినం ఒక్క మాట అడగకపోతివి బిడ్డా, ఫ్రిజ్ ఎవలదని.”

ఇంకొకసారి అప్లై చేయడానికి శైలజకు వయసు ఉంది. గడువు రేపే. రాధ బ్యాగులోంచి ఖాళీ ఫారం తీసి చాప మీదే నింపింది. కింద ‘నిరుడు నేను తప్పు రాశాను’ అని రాసి తన పేరు పెట్టింది. ఈసారి ఏం చేస్తారో తన చేతుల్లో లేదని కూడా దాచకుండా చెప్పింది.

మొగిలవ్వ శైలజకు ఫోన్ కలిపించుకుంది. అవతల దుకాణం గోల వినబడుతోంది.

“ఏందమ్మా, గిరాకీ ఉన్నది.”

“నీకు మార్కులు తక్కువ రాలేదట బిడ్డా. నీకే ఎక్కువ అచ్చినయట. ఇల్లు సూడచ్చిన మేడమే చెప్తున్నది.”

అవతల ఎవరో చీర ధర అడుగుతున్నారు.

“ఇన్నవా?”

“ఇన్న,” అంది శైలజ. “నాయినకు జెప్పినవా?”